విండోస్ గడిలో నా పేరు

ఆ గడిలో టిక్కు పెట్టడానికి నాకు రెండు సెకన్లు పట్టింది. పక్కన పేరు రాయడానికి ఇంకో రెండు. "విండోస్. పరీక్షించినది: సుగతన్." త్రిశూర్ పాలిటెక్నిక్‌లో ఇరవై రెండేళ్ళుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్న మాషుని, అంటే మాస్టారిని నేను. పరీక్షలో కాపీ కొట్టిన పిల్లల్ని నిలబెట్టి చెవులు చిల్లులు పడేలా తిట్టినవాణ్ణి. ఆ టిక్కు అబద్ధం. పెడుతున్నప్పుడే అది అబద్ధమని నాకు తెలుసు. ఇక్కడితో ఆపేస్తే ఒప్పుకున్నట్టు ఉంటుంది గానీ నిజానికి తప్పించుకున్నట్టే. అందుకని మొత్తం చెబుతాను.

మా దగ్గర పాత డీటీపీ రోజుల్లో మలయాళంలో టైపు చేసినదంతా పాత ఫాంట్లలోనే ఉంటుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలే కనిపిస్తాయి. దాన్ని ఇప్పటి అక్షరాల్లోకి మార్చే చిన్న పనిముట్టు ఒకటి నేను రాశాను. బొమ్మలు, బటన్లు ఏమీ ఉండవు. నల్లతెర మీద ఒక వరుస టైపు చేసి ఎంటర్ కొడితే ఫోల్డర్లో ఉన్న ఫైళ్ళన్నీ మారిపోతాయి. పేరు మాట్టం. మా భాషలో మార్పు అని.

రెండో శనివారం సాయంత్రాలు పన్నెండు మందిమి ఒక మేడమీద గదిలో కూడతాం. పాలు లేని కట్టన్ చాయ తాగుతాం, అరటిపండు బజ్జీల్లాంటి పళంపొరి తింటాం, ఊరికే పంచడానికి పనిముట్లు రాస్తాం. మాకో నియమం ఉంది. ఏ పనిముట్టయినా జనంలోకి వదిలేముందు దాన్ని కంప్యూటర్లోకి ఎలా ఎక్కించుకోవాలో చెప్పే పేజీ ఒకటి రాయాలి. లినక్స్, మాక్, విండోస్, మూడింటికీ మూడు గళ్ళు. కొత్త యంత్రం మీద మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా తన చేత్తో చేసి చూసినవాడే ఆ గడిలో పేరు రాయాలి. ఈ నియమం పెట్టిందెవరో తెలుసా? నేనే. బల్ల గుద్ది మరీ పెట్టాను.

లినక్స్ గడిలో నా పేరు పడింది. మాక్ గడిలో జినేష్ అనే కుర్ర ఇంజనీరు తన పేరు రాశాడు. విండోస్ దగ్గర ఆగాం.

"ఎవరి దగ్గరుందిరా విండోస్?" అన్నాను.

"మా ఇంట్లో దాన్ని గడప తొక్కనివ్వరు మాషే," అన్నాడు జినేష్.

అందరూ పగలబడి నవ్వారు. నేను ఇంకా గట్టిగా నవ్వాను. మా గుంపులో విండోస్ వాడుతున్నానని చెప్పుకోవడం కన్నా పొద్దున్నే తాగుతున్నానని చెప్పుకోవడం నయం. పదిహేనేళ్ళుగా దాన్ని ముట్టుకోలేదని నేను ఊరంతా గొప్పలు చెప్పుకునేవాణ్ణి. చూస్తే మా జిల్లాలో డీటీపీ చేసినవాళ్ళలో నూటికి తొంభైమంది దాని మీదే చేశారు. ఎవరి కోసం మాట్టం రాశానో వాళ్ళందరి దగ్గరా ఉన్నది అదే. ఆ మాట నాకు తట్టలేదంటే నమ్మకండి. తట్టింది. 'ఆ, ఏముందిలే, అన్నీ ఒకటే' అనుకుని, లినక్స్ గడిలోని వరుసల్ని విండోస్ గడిలోకి దింపి, ఫోల్డర్ పేర్ల మధ్య ఏటవాలు గీతలు నాలుగు తిరగేసి, టిక్కు పెట్టాను.

అదే పేజీలో ఇంకో వాక్యం కూడా రాశాను. "మీ పాత ఫైళ్ళను మాట్టం తనే వేరే ఫోల్డర్లో దాచి ఉంచుతుంది. మీరు విడిగా కాపీ తీసుకోనక్కర్లేదు." లినక్స్‌లో ఇది నిజం. విండోస్‌లో ఆ దాచే పని చేయాల్సిన చోట నేను రాసుకున్నది ఒకే ఒక్క గుర్తు: 'తర్వాత చూడాలి.' తర్వాత మరిచిపోయాను. అది ఏప్రిల్ నెల.

జూన్‌లో, మా పనిముట్లు వాడేవాళ్ళందరూ ఆన్‌లైన్‌లో చదివే మా గుంపు ఉమ్మడి పెట్టెకు ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ పేరు త్రేస్య. పుదుక్కాడ్ అవతల ఒక చిన్న వాయనశాలలో, అంటే ఊరి గ్రంథాలయంలో, పుస్తకాలు చూసుకుంటుందట. పూర్వం సొంతంగా డీటీపీ సెంటర్ నడిపిందట.

"గౌరవనీయులైన సార్, మీ పేజీలో చెప్పినట్టే చేశాను. నలభై మూడు ఫైళ్ళు. అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి. పాత ఫోల్డరు ఎక్కడా కనిపించడంలేదు. అవి ఇక్కడి పెంకుల ఫ్యాక్టరీలో పనిచేసిన ఆడవాళ్ళ మాటలు. ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నవి. మట్టిగోతిలో పోయినవాళ్ళ పేర్లు కూడా వాటిలోనే ఉన్నాయి. నేనెక్కడ తప్పు చేశానో దయచేసి చెప్పండి."

మర్యాదగా అడిగింది. అక్కా అంటూనే నేనేం రాశానో మాట మార్చకుండా చెబుతాను. "చేచ్చీ, పేజీలో అంతా స్పష్టంగా ఉంది. మూడో తరగతి పిల్లలు కూడా చేయగలరు. మీరు ఏదో నొక్కకూడనిది నొక్కి ఉంటారు. ముందు ఆ విండోస్‌ని తీసి బయట పారేయండి, సగం రోగం కుదురుతుంది."

కింద పదిహేడు మంది నవ్వు బొమ్మలు పెట్టారు. నేను లెక్కపెట్టుకున్నాను కూడా. గంటలో ఆవిడ జవాబు వచ్చింది. "క్షమించండి సార్. తప్పు నాదే అయి ఉంటుంది. మీ సమయం వృథా చేశాను." అది చదివి నేను సంతోషించాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

నవంబర్‌లో అదే వాయనశాల డెబ్బై అయిదేళ్ళ పండుగకి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. భాషను కంప్యూటర్లో ఎలా కాపాడుకోవాలో మాట్లాడాలట. పిలిచినాయన అధ్యక్షుడు ఔసేప్పన్, బియ్యం కొట్టు వ్యాపారి, పెద్ద గొంతు, పెద్ద మీసం. జూన్ ఉత్తరం నాకు బొత్తిగా గుర్తులేదు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళాను.

సభకు ముందు పుస్తకాల గదిలో కూర్చోబెట్టారు. అరవై దాటినావిడ ఒకావిడ టీ తెచ్చింది. ముదురు నీలం నూలు చీర, మెడలో శిలువ, వేళ్ళ కొసలు టైపు కొట్టేవాళ్ళ వేళ్ళలాగా బల్లపరుపుగా ఉన్నాయి.

"ఈవిడ తెలుసా మాషే?" అన్నాడు ఔసేప్పన్. "మా ప్రశ్నార్థకం చేచ్చి! ఈ పండుగకి మేం వెయ్యి కాపీల పుస్తకం వేయాలి. నలభై మూడుమంది కూలి ఆడవాళ్ళ కథలు. మా చేచ్చి ఒక్క నొక్కు నొక్కింది, అంతే, పుస్తకమంతా ప్రశ్నార్థకాలే! ఇక మేమూ జవాబులు వెతుక్కుంటున్నాం."

గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. ఆ నవ్వు అరిగిపోయి ఉంది. అయిదు నెలలుగా ఆ జోకు వింటూనే ఉందని తెలిసిపోతోంది.

"వాయనశాల తాళాలు కూడా ఇచ్చేసింది పాపం," అన్నాడాయన. "మేం పొమ్మనలేదండోయ్. తనే సిగ్గుపడి ఇచ్చేసింది."

ఔసేప్పన్ మైకు చూసుకోవడానికి వెళ్ళాక ఆవిడ తలుపు దగ్గరే నిలబడింది.

"మాషే, మీరు కోప్పడకపోతే ఒకటి చూపిస్తాను," అంది. "మీరు ఆ రోజు పేజీ సరిగ్గా చదవలేదన్నారు. నాకు చదవడం రాదా అని మనసులో ఒకటే పీకుతోంది. ఒక్కసారి చూసి ఎక్కడ తప్పానో చెప్పరా?"

ఒక అట్ట సంచిలోంచి మడిచిన కాగితం తీసింది. నా పేజీయే. అచ్చు తీయించుకుంది. విండోస్ గడిలోని ప్రతి వరుస పక్కనా పెన్సిల్‌తో చిన్న టిక్కు. మొదటి వరుస, టిక్కు. రెండోది, టిక్కు. ఏడో వరుస దగ్గర ఎంటర్ కొట్టిన సమయం కూడా రాసుకుంది. ఒక్కటి వదల్లేదు, ఒక్కటి ముందువెనకలు చేయలేదు. కాపీ తీసుకోనక్కర్లేదన్న నా వాక్యం కింద గీత గీసి 'మంచిది' అని రాసింది. అట్టడుగున అచ్చక్షరాల్లో నా టిక్కు, పక్కన నా పేరు.

జూన్ ఉత్తరం గుర్తొచ్చింది, తప్పు ఎవరిదో కూడా తెలిసిపోయింది.

"వేరే పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ లేదా చేచ్చీ?" అన్నాను.

"పెద్ద వరదలో ఇల్లు మునిగింది మాషే. రాసిన నోటుపుస్తకాలు పోయాయి, కంప్యూటరు పోయింది. పడవ ఎక్కేటప్పుడు ఆ ఒక్క పెన్‌డ్రైవ్ జాకెట్లో పెట్టుకుని ఎక్కాను. వరద తగ్గాక ఎవరి యంత్రం దొరికితే దాని మీదే చూసుకునేదాన్ని. ఇంకో కాపీ తీయాలనే అనుకున్నాను. మీరు అక్కర్లేదన్నారు కదా."

వరదకి పోనిది నా టిక్కుకి పోయింది.

అప్పుడే చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఇంతలో మైకులో నా పేరు పిలిచారు. వెళ్ళాను. వెళ్ళి ఏం చేశాను? మాట్లాడాను. నలభై నిమిషాలు, బ్రహ్మాండంగా. అక్షరాన్ని కాపాడుకోవడం మన బాధ్యత అన్నాను. నవ్వించాను. ఔసేప్పన్ నా భుజాల మీద పట్టు శాలువా కప్పాడు. మూడో వరుసలో కూర్చున్న త్రేస్య చేచ్చి చప్పట్లు కొట్టింది. ఆ శాలువాతోనే బస్సెక్కాను. సిగ్గు లేదా అంటే, ఉంది. ఉండి కూడా తీయలేదు.

సోమవారం కాలేజీ ఆఫీసులో గుమాస్తా రజనిని ఆవిడ కంప్యూటరు కాసేపు అడిగాను.

"మాషు విండోస్ ముందు కూర్చున్నారా! ఉండండి, ఫోటో తీసి గోడకి తగిలిస్తాను," అంది.

నా పేజీ తెరిచి, త్రేస్య చేచ్చి కాగితంలో ఉన్నట్టే ఒక్కో వరుస కొట్టాను. ఏడో వరుసకి ఎంటర్ నొక్కాను. పాత ఫాంటులో ఉన్న ఆఫీసు నోటీసు ఒకటి ప్రశ్నార్థకాలైపోయింది. పాత ఫోల్డరు పుట్టలేదు. తప్పు విండోస్‌ది కాదు. ఏ అక్షరాల్లో రాయాలో దానికి చెప్పాల్సిన వరుస నేను రాయలేదు. మొత్తం చూడ్డానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఏప్రిల్‌లో చూసినా పదకొండు నిమిషాలే పట్టేది.

"ఏమైంది మాషే, అలా పాలిపోయారు? దిష్టి తగిలిందా?" అంది రజని.

నేను పేజీ తీసేసి, జినేష్‌కి ఫోన్ చేసి ఉన్నది చెప్పాను.

"మాషే, గుట్టుగా సరిచేసి మళ్ళీ పెట్టేద్దాం. ఎవరికి తెలుస్తుంది? ఆవిడకి అర్థం కూడా కాదు," అన్నాడు.

వాణ్ణి తిట్టాల్సింది. తిట్టలేదు. మూడు రోజులు ఆ మాటనే పట్టుకుని తిరిగాను. ఆవిడకి అర్థం కాదు, అందుకే భద్రం. నాలుగో రోజు పాఠం చెబుతూ ఉంటే ఒక పిల్లవాడు, "సార్, ఇది మీరు చేసి చూశారా?" అని మామూలుగానే అడిగాడు. సుద్దముక్క బల్ల మీద పెట్టేసి బయటికొచ్చాను. మధ్యాహ్నం బస్సుకి పుదుక్కాడ్ వెళ్ళాను.

త్రేస్య చేచ్చి పెరట్లో పీట వేసుకుని మత్తి చేపలు శుభ్రం చేస్తోంది. నన్ను చూసి కంగారుపడి లేవబోయింది.

"లేవకండి," అన్నాను. "మీరు ఏ తప్పూ చేయలేదు. పేజీయే తప్పు. నేను విండోస్ మీద చేసి చూడకుండానే చూశానని రాశాను. పాత ఫైళ్ళు దాచే పని దానికి నేను నేర్పనే లేదు. సభ రోజు మీ కాగితం చూడగానే నాకు తెలిసింది. తెలిసి కూడా మైకులో చెప్పలేదు."

ఆవిడ కత్తి పళ్ళెంలో పెట్టింది. పిల్లి వచ్చి చేప తల లాక్కుపోతున్నా అదిలించలేదు.

"తిరిగొస్తాయా?" అంది.

"రావు. పాతవాటి మీదే రాసేసింది."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా రాదు చేచ్చీ."

ఆవిడ అరవలేదు. "అయిదు నెలలు, మాషే. నాకు వయసైపోయింది, బుర్ర పనిచేయడంలేదు అనుకున్నాను. గ్యాసు కట్టేశానా లేదా అని నాలుగుసార్లు లేచి చూసుకుంటున్నాను. మీరు ఆ రోజు ఒక్క మాట అడిగితే పోయేది కదా, 'చేచ్చీ, ఏం చేశారో వరుసగా చెప్పండి' అని. చెప్పేదాన్ని. టిక్కులు పెట్టుకునే ఉన్నాను."

క్షమించమని అన్నాను. ఆవిడ మళ్ళీ కత్తి తీసుకుని ఇంకో చేప పట్టుకుంది.

"అందరికీ తెలిసేలా రాస్తాను. ఔసేప్పన్‌కి కూడా చెబుతాను," అన్నాను.

"చెప్పండి. చెప్పాలి కూడా. కానీ అది చాలదు. నలభై ముగ్గురిలో ఇప్పుడు బతికున్నవాళ్ళు తొమ్మిదిమంది. ఆ తొమ్మిది ఇళ్ళకీ నేను వెళ్ళి, మీ మాటలు నా చేత్తో చెడగొట్టానని చెప్పుకుని వచ్చాను. ఇప్పుడు మీరు రండి. గుమ్మం గుమ్మానికీ వచ్చి మీరు చెప్పండి. ఎవరైనా మళ్ళీ చెప్తానంటే రాసుకుందాం."

ఆ శనివారం గుంపులో అందరి ముందూ చెప్పాను. ఉమ్మడి పెట్టెలో రాశాను. ఈసారి నవ్వు బొమ్మలు రాలేదు. ఔసేప్పన్ ఫోన్లో, "అయ్యో, పోనివ్వండి మాషే, పెద్దవాళ్ళకి పొరపాట్లు సహజం," అన్నాడు. చేచ్చిని అయిదు నెలలు ఏడిపించిన మనిషి నన్ను ఒక్క నిమిషంలో వదిలేశాడు. అది తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక మొదటి ఇంటికి వెళ్ళాం. కుంజిప్పెణ్ణు అనే ముసలావిడ, ఎనభై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళు తల మీద తడి పెంకులు మోసిందట. నడినెత్తిన జుట్టు లేదు. అరుగు మీద చాప వేసుకుని కూర్చుంది.

"ఎవరమ్మా ఈయన, కొత్త అల్లుడా?" అంది బోసినోటితో.

త్రేస్య చేచ్చి నవ్వలేదు, సాయం కూడా చేయలేదు. నా వైపు చూసింది.

నేను చాప అంచున కూర్చుని చెప్పాను. కంప్యూటరు, ఫైలు అంటే ఆవిడకి తెలియదు. "అమ్మమ్మా, త్రేస్య చేచ్చి రాసుకున్న మీ మాటల్ని చెరిపేసింది నేను. నా మాట నమ్మి ఆవిడ నేను చెప్పినట్టు చేసింది. నేను చెప్పింది తప్పు."

"నువ్వా?" అంది. "మరి ఈ పిల్ల నా దగ్గరికొచ్చి నేనే చెరిపేశానని కాళ్ళు పట్టుకుని ఏడ్చిందే?"

చేచ్చి అవతలికి చూస్తోంది.

"అమ్మమ్మా, మళ్ళీ చెప్తావా?" అంది నోటుపుస్తకం తెరుస్తూ. "ఆ మట్టిగోయి కూలిన రోజు సంగతి. అందులో పోయిన ముగ్గురి పేర్లు ఫ్యాక్టరీ వాళ్ళు ఏ పుస్తకంలోనూ రాయలేదు. నీకొక్కదానికే తెలుసు."

ముసలావిడ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. "చక్కి," అంది. "చక్కి ఒకర్తె. నా ఈడుదే. ఇంకో ఇద్దరు…" వేళ్ళు మడిచింది, మళ్ళీ విప్పింది. మళ్ళీ మడిచింది. చేచ్చి పెన్ను పట్టుకుని ఎదురుచూసింది. లోపల ఎవరో కొబ్బరి కోరుతున్న చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

"రావడంలేదమ్మా," అంది కుంజిప్పెణ్ణు. "రోజూ పడుకునేముందు ఆ ముగ్గురి పేర్లూ అనుకునేదాన్ని, నేను కూడా మరిచిపోతే ఇంకెవరున్నారని. యాభై ఏళ్ళు అనుకున్నాను. ఆ రోజు నువ్వొచ్చి రాసుకున్నావు కదా, ఇక పోదులే అని వదిలేశాను."

చేచ్చి పుస్తకంలో చక్కి అని రాసి, కింద రెండు వరుసలు వదిలేసింది.

ముసలావిడ నా వైపు వంగి చూపు నిలిపింది. "నీ పేరేంటన్నావు?"

"సుగతన్."

"అది కూడా రాసుకో త్రేస్యా," అంది. "నాకు గుర్తుండదు."

చేచ్చి నా మొహం చూడకుండా, ఆ రెండు ఖాళీ వరుసల కింద నా పేరు రాసింది.